నేరకథకు ముందుమాట: టెలివిజన్ హెచ్చరికల స్వరూపం, ప్రయోజనం

కావ్యాన్ని మన పెద్దలు దృశ్యమనీ శ్రవ్యమనీ రెండు విధాలుగా విభజించారు. విన్నదానికంటే చూసినది మనస్సును త్వరగా పట్టుకుంటుందని వారెరుగుదురు. నేడు దృశ్యకావ్యం రంగస్థలాన్ని దాటి, వెండితెరను దాటి, అరచేతిలోని ఫోనులోకి చేరింది. అందులో విశేషాదరణ పొందుతున్న ప్రక్రియలలో నేరకథా ధారావాహిక ఒకటి. హత్య, అపహరణ, చిత్రహింస, ప్రతీకారం ఈ కథలకు ముడిసరుకు. కథ మొదలయ్యే ముందు తెరపై ఒక మూల కొన్ని అక్షరాలు మెరిసి మాయమవుతాయి. 'ఏ' అనో, 'యు/ఏ 16+' అనో, 'హింస' అనో, 'అసభ్య పదజాలం' అనో అక్కడ కనిపిస్తుంది. మనలో చాలామంది సిగరెట్టు పెట్టెమీది బొమ్మను చూసినట్టే వాటిని చూసి ముందుకు సాగుతారు. ఆ అక్షరాలు ఎలా వచ్చాయి? అవి ఎవరికోసం? వాటివల్ల కలిగే ప్రయోజనమెంత? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాచీన నాటకంలో సంయమనం

హింసను ప్రేక్షకుని ముందు ఎంతవరకు ఉంచవచ్చుననే ప్రశ్న టెలివిజన్‌తో పుట్టినది కాదు. యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగరముట్టడి వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపరాదనీ, ప్రవేశకాదుల ద్వారా సూచించాలనీ భరతుని నాట్యశాస్త్రం విధించింది. గ్రీకు విషాదాంత నాటకాలలో కూడా హత్య సాధారణంగా తెరవెనుకే జరుగుతుంది. వార్తాహరుడు వచ్చి దానిని వర్ణిస్తాడు.

భాసుని ఊరుభంగం ఈ విషయంలో ప్రత్యేకంగా గమనించదగినది. భీమదుర్యోధనుల గదాయుద్ధం అందులో రంగంమీద జరగదు. విష్కంభంలో ముగ్గురు భటులు దానిని వర్ణిస్తారు. అయితే తొడలు విరిగిన దుర్యోధనుడు తల్లిదండ్రులను, భార్యలను, పసివాడైన కుమారుని ఎదుర్కొనే ఘట్టం మన కళ్లముందే జరుగుతుంది. అతని మరణమూ అక్కడే సంభవిస్తుంది. అంటే కవి దెబ్బను దాచి, దాని ఫలితాన్ని చూపించాడు. ఈ తేడాను మనం మళ్లీ తలచుకోవలసి ఉంటుంది.

మన నాటకంలో మరొక ఏర్పాటు కూడా ఉన్నది. నాంది ముగియగానే సూత్రధారుడు వచ్చి, కవి ఎవరో, నాటకమేదో చెప్పి, ప్రేక్షకుని కథకు సిద్ధం చేస్తాడు. దానినే ప్రస్తావన అన్నారు. నేటి తెరమీది హెచ్చరికను ఆ సూత్రధారునికి దూరపు బంధువుగా భావించవచ్చు. కాకపోతే ఈ బంధువు మితభాషి. ఒకటి రెండు మాటలు చెప్పి నిష్క్రమిస్తాడు.

అమెరికా అనుభవం

టెలివిజన్ నేరకథలమీద వాదోపవాదాలు తొలినాళ్లలో ఎక్కువగా సాగిన దేశం అమెరికా. 1959 నుండి 1963 వరకు అక్కడ ప్రసారమైన 'ది అన్‌టచబుల్స్' అనే ధారావాహికలో తుపాకుల మోత అధికమనే విమర్శ వచ్చింది. 1961లో సెనెటర్ థామస్ డాడ్ అధ్యక్షతన ఒక ఉపసంఘం టెలివిజన్ హింసపై విచారణ జరిపింది. మూడు దశాబ్దాల తరువాత, 1993లో, నాలుగు ప్రధాన ప్రసార సంస్థలు హింసాత్మక కార్యక్రమాలకు ముందు తల్లిదండ్రులకు హెచ్చరిక ప్రకటించడానికి అంగీకరించాయి.

అదే 1993 సెప్టెంబరులో 'ఎన్.వై.పి.డి. బ్లూ' అనే పోలీసు కథ మొదలైంది. ఏబీసీ సంస్థ దానిని ముందస్తు హెచ్చరికతోనే ప్రసారం చేసింది. అయినా ఆ సంస్థకు అనుబంధంగా ఉన్న స్థానిక కేంద్రాలలో 57 కేంద్రాలు తొలి ప్రసారాన్ని నిరాకరించాయి. కానీ ప్రేక్షకులు దానిని తిరస్కరించలేదు. ఆ ధారావాహిక 2005 వరకు కొనసాగింది.

1996లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం మరొక అడుగు ముందుకు వేసి, టెలివిజన్ పెట్టెలలో 'వి-చిప్' అనే అడ్డుకట్టను అమర్చాలని ఆదేశించింది. 1997 జనవరి నుండి కార్యక్రమాలకు వయోవర్గాల గుర్తులు వచ్చాయి. అయితే వయస్సు మాత్రమే చెబితే చాలదనీ, లోపల ఏమున్నదో చెప్పాలనీ తల్లిదండ్రుల సంఘాలు పట్టుపట్టాయి. ఫలితంగా అదే సంవత్సరం హింస, లైంగిక దృశ్యాలు, దురుసు భాష, సూచనాత్మక సంభాషణ అనే నాలుగింటికి వేర్వేరు అక్షరాలను చేర్చారు. కాని పదేళ్ల తరువాత, 2007లో, కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ జరిపిన సర్వేలో వి-చిప్‌ను ఎప్పుడైనా ఉపయోగించామన్న తల్లిదండ్రులు 16 శాతం మాత్రమే. తాళం పెట్టెలోనే ఉన్నది. తాళంచెవి తిప్పిన చేతులే తక్కువ.

మన దేశంలో

మన దేశంలో సినిమాకు సెన్సారు ధ్రువపత్రం ఏనాటినుండో ఉన్నది. ఇంటర్నెట్టు ద్వారా వచ్చే ధారావాహికలకు మాత్రం 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ప్రకటించిన సమాచార సాంకేతిక నియమాలతోనే స్పష్టమైన వర్గీకరణ ఏర్పడింది. యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ అనేవి ఆ ఐదు వర్గాలు. వర్గంతో పాటు లోపలి విషయస్వభావాన్ని కూడా కార్యక్రమం మొదట్లోనే చూపాలి. 13+ మొదలుకొని పై వర్గాలకు తల్లిదండ్రులు తాళం వేసుకొనే వీలు కల్పించాలి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, సినిమాలకు కూడా యు/ఏ వర్గాన్ని వయస్సునుబట్టి మూడుగా విభజించారు.

తెలుగువారికి ఈ సమస్య ఇంటి సమస్యగా అనుభవమైన సందర్భం ఒకటున్నది. 2023 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ ద్వారా 'రానా నాయుడు' అనే నేరకథ విడుదలైంది. అమెరికాలో 2013 నుండి 2020 వరకు ప్రసారమైన 'రే డోనవన్' దానికి మూలం. ప్రధానంగా హిందీలో నిర్మించిన ఆ ధారావాహిక తెలుగులోనూ వినిపించింది. అది పెద్దలకు మాత్రమేనన్న గుర్తు ఉన్నది. అయినా వెంకటేష్ అనగానే కుటుంబ కథాచిత్రాలను తలచుకొనే తెలుగు ప్రేక్షకులు అందులోని భాషకు, దృశ్యాలకు దిగ్భ్రాంతి చెందారు. అభ్యంతరాలు వెల్లువెత్తాయి. హెచ్చరిక లేకపోవడం ఇక్కడ సమస్య కాదు. తెరమీది అక్షరం కంటే పరిచయమైన ముఖం ఎక్కువ నమ్మకం కలిగించింది. అక్షరం ఓడిపోయింది.

మూడు మాటలు: ఖబడ్దార్, హుషార్, జాగ్రత్త

ఉర్దూ తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో ఈ విషయాన్ని మూడు మాటల ద్వారా వివరించడం సులభం.

మొదటిది ఖబడ్దార్. ఉర్దూలో 'ఖబర్' అంటే సమాచారం. 'దార్' అంటే కలిగినవాడు. కనుక 'ఖబర్దార్' అంటే సమాచారం కలిగి ఉన్నవాడు, ఎరుక గలవాడు అని వ్యుత్పత్తి. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట బెదిరింపుగా మారింది. మన నాటకాలలో ప్రతినాయకుడు వేలు చూపి 'ఖబడ్దార్' అంటాడు. సమాచారం జారిపోయింది. గద్దింపు మిగిలింది.

రెండవది హుషార్. ఉర్దూలో 'హోషియార్' అంటే అప్రమత్తుడు, స్పృహ గలవాడు. తెలుగులో హుషారంటే ఉత్సాహం.

మూడవది జాగ్రత్త. సంస్కృతంలో 'జాగ్రత్' అంటే మేల్కొని ఉండడం. ఈ మాట మాత్రం మూలార్థాన్ని చాలావరకు నిలుపుకొన్నది.

తెరమీది హెచ్చరికలకు కూడా ఇదే గతి పట్టడం విశేషం. 1996లో బ్రాడ్ బుష్‌మన్, ఏంజెలా స్టాక్ అనే అమెరికన్ పరిశోధకులు హింసాత్మక చిత్రాలకు రెండు రకాల చీటీలు తగిలించి పరీక్షించారు. ఒకటి చూసేముందు ఆలోచించుకోండని హెచ్చరించే చీటీ. రెండవది లోపల ఏమున్నదో మాత్రమే తెలిపే సమాచారపు చీటీ. హెచ్చరికే చూడాలనే కోరికను పెంచింది. సమాచారం అలా పెంచలేదు. ఖబడ్దార్ అంటే జనం హుషారెక్కారన్నమాట. ఖబర్ ఇస్తే నిదానంగా ఆలోచించారు. వద్దన్న పండుకు రుచి ఎక్కువన్నది లోకానుభవమే. కాని ఆ రుచిని కొంతవరకు మన హెచ్చరిక పద్ధతే పెంచుతున్నదని తెలియడం ఇందులోని కొత్త విషయం.

హెచ్చరికకు హద్దులు కూడా ఉన్నాయి. 2023లో విక్టోరియా బ్రిడ్జ్‌ల్యాండ్, ఆమె సహపరిశోధకులు అంతకుముందు జరిగిన ప్రయోగాలను క్రోడీకరించారు. ముందుగా హెచ్చరించినంత మాత్రాన బాధాకర దృశ్యం కలిగించే క్షోభ తగ్గడం లేదనీ, పైగా చూడబోయే ముందు ఆందోళన కొంత పెరుగుతున్నదనీ వారు తేల్చారు. దీనినిబట్టి హెచ్చరిక కవచం కాదని గ్రహించాలి. అది గుమ్మంమీద వ్రాసిన బోర్డు వంటిది. లోపలికి పోవాలో వద్దో నిర్ణయించుకోవడానికి పనికివస్తుంది. లోపలికి పోయినవారిని అది కాపాడదు.

'హింస' అనే ఒక్క మాట చాలదు

సమాచారమే ముఖ్యమైతే అది సరైన సమాచారం కావాలి. ఇక్కడ మన అలంకారశాస్త్రం తోడ్పడుతుంది. 'హింస' అనే ఒక్క గుర్తు కింద నేడు మనం కలిపివేస్తున్న అనుభవాలను పూర్వులు మూడు రసాలుగా వేరుచేశారు. క్రోధం స్థాయిగా గలది రౌద్రం. భయం స్థాయిగా గలది భయానకం. జుగుప్స స్థాయిగా గలది బీభత్సం. ఇద్దరు కలబడి కొట్టుకొనే దృశ్యం, చీకటి ఇంట్లో ఎవరో వెంబడిస్తున్న దృశ్యం, శవపరీక్ష గదిలోని దృశ్యం, ఈ మూడూ ఒకటి కావు. మొదటిదాన్ని సులభంగా చూడగలిగినవారు మూడవదాన్ని చూడలేకపోవచ్చు. మూడవదాన్ని వృత్తిరీత్యా నిత్యం చూసే వైద్యవిద్యార్థి రెండవదానికి నిద్రపోలేకపోవచ్చు.

ఇంకొక వర్గం ప్రేక్షకులను మనం మరువరాదు. కలహాలలో ఇల్లు కాలిపోయినవారు, రోడ్డు ప్రమాదంలో ఆత్మీయుని పోగొట్టుకొన్నవారు, ఇంటి గోడల మధ్యనే దెబ్బలు తిన్న స్త్రీలు మన తరగతి గదులలోనూ ఉంటారు. వారు ఆ సంగతి మనతో చెప్పరు. చెప్పవలసిన అవసరమూ లేదు. ఇతరులకు వినోదమైన దృశ్యం వారికి జ్ఞాపకం. ఏది రాబోతున్నదో ముందుగా తెలిస్తే, వారు ఎవరికీ కారణం చెప్పకుండానే పక్కకు తప్పుకోగలరు. అందువల్ల వారి క్షోభ మానిపోకపోవచ్చు. కాని నిర్ణయం వారి చేతిలో ఉంటుంది. నా దృష్టిలో హెచ్చరికకున్న అసలైన విలువ ఇదే. అది పిరికివారికోసం చేసిన ఏర్పాటు కాదు. సాటి మనిషిపట్ల పాటించే మర్యాద.

హెచ్చరిక చెప్పలేనిది

అయితే ఎంత వివరమైన హెచ్చరికైనా చెప్పలేని విషయం ఒకటున్నది. ఆ హింసకు కథలో అర్థమేమిటన్నదే అది. 1990లలో అమెరికాలో నాలుగు విశ్వవిద్యాలయాల పరిశోధకులు జరిపిన జాతీయ టెలివిజన్ హింసా అధ్యయనంలో, హింసాత్మక ఘట్టాలలో 73 శాతం సందర్భాలలో దోషికి అక్కడ శిక్ష పడలేదని తేలింది. రక్తం ఎంత చిందిందో గుర్తు చెబుతుంది. దెబ్బతిన్నవాని తల్లి ఏమైందో చెప్పదు. కొట్టినవాడు వీరుడుగా నిలిచాడో, దోషిగా నిలిచాడో చెప్పదు.

ఊరుభంగాన్ని ఇప్పుడు మరల తలచుకుందాం. ఆ నాటకానికి నేటి గుర్తులు తగిలిస్తే 'హింస' అనే మాట తప్పదు. చావు లేకుండా పదిమందిని పడగొట్టే వీరుని కథకు అంతకంటే సౌమ్యమైన గుర్తు దొరకవచ్చు. కాని హింసయొక్క బరువును మనకు తెలియజేసేది మొదటిదే. రెండవది హింసను ఆటగా మారుస్తుంది. ఈ తారతమ్యాన్ని ఏ అక్షరమూ పట్టుకోలేదు. చదువుకొన్న ప్రేక్షకుడే పట్టుకోగలడు. సాహిత్య విద్యార్థికి ఇక్కడ పనున్నది.

మన కర్తవ్యం

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన సభాభవనంలో చలనచిత్రం గాని, నాటకం గాని ప్రదర్శించినప్పుడు, నోటీసుబోర్డుమీద మూడు వాక్యాలు వ్రాయించవచ్చు. ఇందులో ఫలానా రకపు దృశ్యాలున్నాయి. అవి సుమారు ఫలానా సమయంలో వస్తాయి. ఇష్టం లేనివారు లేచి వెళ్లవచ్చు, కారణం అడగము. ఈ పనికి ఖర్చేమీ లేదు. ఉపాధ్యాయులమైన మేము కూడా కఠినమైన ఘట్టాలున్న పాఠం చెప్పేటప్పుడు ఒక్క మాట ముందుగా చెప్పడం మంచిది. పాఠాన్ని మానుకోమని దీని అర్థం కాదు. పాఠానికి ప్రస్తావన చేర్చమని అర్థం.

తల్లిదండ్రులు ఫోనులో తాళం వేయడంతో తమ బాధ్యత తీరిందని భావించరాదు. వి-చిప్ చరిత్ర మనకు చెబుతున్నది అదే. చూడవద్దని గద్దించడం కంటే, చూసినదానిని గురించి పిల్లలతో పది నిమిషాలు మాట్లాడడం మేలు.

విద్యార్థినీ విద్యార్థులు తెరమీది అక్షరాలు కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగి చదవాలి. స్నేహితులు చూస్తున్నారు గనుక తానూ చూడాలనే నిర్బంధం ఎవరికీ లేదు. మధ్యలో ఆపివేయడం ఓటమి కాదు. చూసినవారు మాత్రం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ హింస ఎవరికి నష్టం కలిగించింది? ఆ నష్టాన్ని కథ చూపిందా, దాచిందా? దానిని చూసి నాకు కలిగినది దుఃఖమా, ఉత్సాహమా? ఈ మూడవ ప్రశ్నకు నిజాయితీగా సమాధానం చెప్పుకోగలిగినవాడు నిజమైన ఖబర్దార్. అతడు సమాచారం కలిగి ఉన్నవాడు. మేల్కొని ఉన్నవాడు.