స్లైసుల మధ్య ఖాళీ

ముప్ఫై ఏళ్ళుగా నా పని ఒకటే. సీటీ స్కాన్ స్లైసుల్లో ఎముక అంచు గీసి, ఆ గీతల నుంచి పూర్తి ఆకారాన్ని కంప్యూటర్లో నిలబెట్టడం. కొత్తగా చేరిన పిల్లలు అడిగారని ఇవి రాస్తున్నాను.

1. ముందు వరస చూసుకోండి. మొదటి ఏడాదిలో ఒక మోకాలి స్లైసులను కిందివి పైకి, పైవి కిందికి పేర్చాను. మోడల్ నున్నగా వచ్చింది. ఎముకల డాక్టరుగారు తెర మీద తిప్పి చూసి, "ఇది కుడికాలు బాబూ, నా పేషెంటుది ఎడమకాలు" అన్నారు. వరస తిరగబడితే ఆకారం అద్దంలో ప్రతిబింబం అయిపోతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆపరేషన్ దాకా వెళ్ళి ఉంటే? అప్పటి నుంచి ఫైలులో ప్రతి స్లైసుకూ రాసి ఉన్న స్థానం చూశాకే పేరుస్తాను.

2. గీతలన్నీ ఒకే దిక్కుగా తిరగాలి. ఒకటి సవ్యంగా, పక్కది అపసవ్యంగా ఉంటే మధ్య ఉపరితలం తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది.

3. రెండు గీతలను త్రిభుజాలతో కలపడమే అసలు పని. ఒక గీత మీద 12 బిందువులు, పై గీత మీద 12 ఉన్నాయనుకోండి. కావలసిన త్రిభుజాలు సరిగ్గా 24. కానీ మొదటి జత ఖాయం చేసుకున్నాక కూడా వాటిని అల్లే దారులు 27,04,156! ఏది మేలు? 1975లో కెప్పెల్ ఈ దారులను గ్రాఫ్‌గా చూశాడు. 1977లో ఫుక్స్, కెడెం, యూసెల్టన్ మొత్తం వైశాల్యం అతి తక్కువగా వచ్చే దారిని వెతికే పద్ధతి చెప్పారు. మరుసటి ఏడాది క్రిస్టియన్‌సెన్, సెడర్‌బర్గ్ ఎప్పటికప్పుడు పొట్టి అంచునే ఎంచుకుంటూ పోయారు. ఇది వేగంగా నడుస్తుంది. అయితే రెండు గీతల ఆకారం బాగా వేరుగా ఉంటే దారి తప్పుతుంది. అటువంటి చోట నేను గీతలను ముందు ఒకే కేంద్రానికి, ఒకే పరిమాణానికి తెచ్చుకుని అల్లి, మళ్ళీ వాటి చోట పెడతాను.

4. తొడ ఎముక కింది చివర చూడండి. పైన ఒకే గీత, మోకాలి దగ్గర రెండు గుండ్రాలు. చీలిక ఏ ఎత్తులో మొదలైందో స్లైసులు చెప్పవు. రెండు గుండ్రాల నడుమ, సగం ఎత్తులో ఒక కొత్త బిందువు వేసి కలపడం పాత ఉపాయం. ఆ బిందువు స్కాన్‌లో లేదు, మనం వేసిందే. ఆ మాట డాక్టరుకు చెప్పి తీరాలి.

5. ఖాళీ ఎంత ఉందో అడగకుండా పని మొదలుపెట్టకండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్టులో 1994లో పురుష దేహాన్ని 1 మిల్లీమీటరు ఎడంతో, 1995లో స్త్రీ దేహాన్ని 0.33 మిల్లీమీటరు ఎడంతో ఇచ్చింది. మనకు వచ్చే స్కాన్లలో ఒక్కోసారి 5 మిల్లీమీటర్లు. సన్నని పగులు అందులో మొత్తంగా దాక్కోగలదు.

6. లోరెన్‌సెన్, క్లైన్‌ల మార్చింగ్ క్యూబ్స్, అంటే గీతలు గీయకుండా స్కాన్‌లోని రంగు తేడాతోనే ఉపరితలం కట్టే పద్ధతి, 1987లో వచ్చాక గీతలెందుకని అడుగుతారు. ఎముక తెల్లగా కనిపిస్తుంది గనుక దానికి సరే. పక్క కండరంతో ఒకే రంగులో కలిసిపోయిన గడ్డకు అంచు డాక్టరు చెయ్యే గీయాలి.

7. చివరి స్లైసు దాటాక ఏముందో ఎవరూ చూడలేదు. అయినా మోడల్ మూసుకోవాలి గనుక పైనా కిందా మూత వేస్తాం. ఆ రెండు మూతలకూ నేను ఈనాటికీ వేరే రంగే వేస్తాను.