సైనిక కుటుంబం – జీవన వ్యయం

కూడు, గూడు, గుడ్డ మానవుని కనీసావసరాలు. వీటికయ్యే ఖర్చుకు చదువు, వైద్యం, ప్రయాణం మొదలైన వాటి ఖర్చును చేర్చితే వచ్చే మొత్తమే కుటుంబ జీవన వ్యయం. ఇది అన్ని ఊళ్లలోనూ ఒకే విధంగా ఉండదు. ఒకేచోట స్థిరపడిన కుటుంబానికి ఈ తేడా అంతగా పట్టదు. కొన్నేళ్లకొకసారి ఊరు మారవలసిన సైనిక కుటుంబానికి మాత్రం ఇది ఇల్లు గడవడానికి సంబంధించిన విషయం.

సైనిక జీవితం తెలుగువారికి కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం గ్రామం తరతరాలుగా సైన్యానికి యువకులను పంపి 'మిలిటరీ మాధవరం'గా పేరు పొందింది. సికింద్రాబాదు 1806లో కంటోన్మెంటుగా వెలసిన నగరం. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం విశాఖపట్నంలో ఉండగా, పశ్చిమ నౌకాదళ ప్రధాన కేంద్రం ముంబయిలో ఉంది. తూర్పు తీరంలో పనిచేసే నావికుడు పశ్చిమ తీరానికి బదిలీ కావడం సహజం.

బదిలీ ఉత్తర్వు అందగానే ఏయే ఖర్చులు మారవో ముందుగా గుర్తించాలి. రక్షణ దళాల కోసం 1948లో ఏర్పడిన క్యాంటీన్ స్టోర్స్ డిపార్టుమెంటు దుకాణాలలో సబ్బులు, నూనెలు, గృహోపకరణాలు బయటి అంగళ్ల కంటే చౌకగా లభిస్తాయి. సైనిక ఆసుపత్రులలో కుటుంబ సభ్యులకు వైద్యం అందుతుంది. తరచుగా బదిలీ అయ్యే ఉద్యోగుల పిల్లల కోసం 1963లో ఆరంభమైన కేంద్రీయ విద్యాలయాలలో పాఠ్యప్రణాళిక దేశమంతటా ఒక్కటే. ఈ సౌకర్యాలు అందుబాటులో ఉన్నంత వరకు ఊరు మారినా ఈ పద్దులు పెద్దగా మారవు.

మారే పద్దులలో మొదటిది ఇంటి అద్దె. కేంద్ర ప్రభుత్వం నగరాలను మూడు తరగతులుగా విభజించి ఇంటి అద్దె భత్యం చెల్లిస్తుంది. ముంబయి, ఢిల్లీ, హైదరాబాదు వంటి ఎనిమిది మహానగరాలు మొదటి తరగతికి, విశాఖపట్నం వంటివి రెండవ తరగతికి, మిగిలినవి మూడవ తరగతికి చెందుతాయి. ఏడవ వేతన సంఘం సిఫారసుల అనంతరం 2017 జులై నుండి ఈ భత్యం మూల వేతనంలో వరుసగా 24, 16, 8 శాతంగా ఉండేది. కరవు భత్యం 50 శాతానికి చేరడంతో 2024 జనవరి నుండి 30, 20, 10 శాతానికి పెరిగింది. ప్రభుత్వ నివాసం లభించిన వారికి ఈ భత్యం ఉండదు.

ఒక ఉదాహరణ చూద్దాం. నెలకు 40,000 రూపాయల మూల వేతనం గల నావికుడు విశాఖ నుండి ముంబయికి బదిలీ అయ్యాడనీ, అక్కడ ప్రభుత్వ నివాసం వెంటనే దొరకలేదనీ అనుకొందాం. 2024 నాటి రేటు ప్రకారం భత్యం 8,000 నుండి 12,000 రూపాయలకు పెరుగుతుంది. రాబడి 4,000 రూపాయలు పెరిగినట్లు కనిపిస్తుంది. కాని విశాఖలో 9,000 ఉన్న అద్దె అక్కడ 20,000 అయితే, చేతి నుండి పెట్టుకొనే సొమ్ము 1,000 నుండి 8,000 రూపాయలకు పెరుగుతుంది. పాలు, కూరగాయలకు మరో 1,000, పిల్లల బడి బండికి మరో 1,000 అదనమనుకొంటే కొత్త భారం 9,000 రూపాయలు. విశాఖలో ఇల్లాలు పిల్లలకు పాఠాలు చెప్పి నెలకు 6,000 సంపాదిస్తూ ఉంటే ఆ రాబడీ ఆగిపోతుంది. అప్పుడు నెలసరి లోటు 15,000 రూపాయలవుతుంది. ప్రభుత్వ నివాసం నుండి ప్రభుత్వ నివాసానికే మారిన కుటుంబానికి అద్దె పోటు ఉండదు కనుక, ఆ లోటు 8,000 రూపాయలే. అందులో 6,000 ధరల వలన కాక, ఆగిపోయిన సంపాదన వలన కలిగిన లోటు. నగరాల ధరలను మాత్రమే పోల్చేవారి దృష్టికి రాని పద్దు ఇదే.

నెలనెలా అయ్యే ఖర్చునూ ఒక్కసారి అయ్యే ఖర్చునూ కలపకూడదు. సామాను రవాణా, అద్దె ఇంటి అడ్వాన్సు, కొత్త బడి దుస్తులు ఒక్కసారి అయ్యే ఖర్చులు. బదిలీ సమయంలో లభించే గ్రాంటు వీటిని కొంతవరకు భరిస్తుంది గాని నెలసరి లోటును పూడ్చదు.

ధరల సూచికను చూసి నగరాలను పోల్చడం మరొక పొరపాటు. వినియోగదారుల ధరల సూచిక ఆధార సంవత్సరపు ధరలను 100గా తీసుకొని, ఆ తరువాత ధరలు ఎంత పెరిగాయో తెలుపుతుంది. ఒక నగరపు సూచిక 140, మరొక నగరపు సూచిక 135 అయితే మొదటి నగరంలో ధరలు వేగంగా పెరిగాయని అర్థం. అది ఖరీదైన నగరమని అర్థం కాదు. ఈ సూచికను అనుసరించి నిర్ణయించే కరవు భత్యం దేశమంతటా ఒకే శాతం. కాబట్టి రెండు నగరాల మధ్య గల తేడాను కుటుంబమే తన అవసరాలను బట్టి లెక్కించుకోవాలి.

కొన్ని నష్టాలు రూపాయలలో తేలవు. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం పూర్తిచేసిన విద్యార్థి మరో రాష్ట్రానికి పోతే బోర్డు, పాఠ్యాంశాలు మారవచ్చు. అందువలన కొన్ని కుటుంబాలలో తండ్రి ముందుగా వెళతాడు. తల్లీబిడ్డలు చదువు ముగిసే వరకు పాత ఊరిలోనే ఉంటారు. వేరు కాపురం వలన రాకపోకల ఖర్చు పెరుగుతుంది; ఇంటి బాధ్యత తల్లి ఒక్కతిపైనే పడుతుంది. అయినా బిడ్డ ఏడాది చదువు వృథా కావడం కంటే అదే మేలని కొందరు భావిస్తారు. అందరూ కలిసి ఉండడమే ముఖ్యమని మరికొందరు లోటును సహిస్తారు. ఈ రెండింటిలో ఏది తప్పు అని చెప్పలేము.

దూరపు కొండలు నునుపు. పెరిగిన భత్యాన్ని చూసి పొంగిపోవడం, మహానగరం పేరు విని బెంబేలెత్తడం రెండూ తగవు. ఇంటిల్లిపాదీ కూర్చుండి పాత ఊరి పద్దులను ఒకవైపు, కొత్త ఊరి పద్దులను మరొకవైపు వ్రాసుకోవాలి. అప్పుడే ఏ ఖర్చు తగ్గించుకోవాలో, దేనిని తగ్గించుకోకూడదో తెలుస్తుంది. దేశరక్షణకై ఊరూరా తిరిగే వారి ఇంటికి ఆ స్పష్టతే అండ.

అర్థాలు
వ్యయం = ఖర్చు
భత్యం = జీతంతో పాటు ఇచ్చే అదనపు సొమ్ము
పద్దు = జమాఖర్చులలోని ఒక అంశం
వేరు కాపురం = కుటుంబం విడిగా నివసించడం

ప్రశ్నలు
1. బదిలీ వలన మారే ఖర్చులను, మారని ఖర్చులను వివరించండి.
2. ధరల సూచికతో రెండు నగరాల జీవన వ్యయాన్ని ఎందుకు పోల్చకూడదు?
3. బిడ్డ చదువు కోసం కుటుంబం పాత ఊరిలోనే ఉండడం సమంజసమా? మీ అభిప్రాయాన్ని కారణాలతో వ్రాయండి.