వాడిన ట్రాక్టరు కొనుగోలు: ట్రాలీ లాగేందుకు అనువుగా ఉన్నదా?

నల్లగొండ జిల్లా కేతేపల్లి 65వ జాతీయ రహదారిపై ఉన్నది. మూసీ ఆయకట్టు ధాన్యంతో ఈ దారికి వచ్చే ట్రాలీలు భారీ వాహనాల నడుమ సాగవలసి ఉంటుంది. కావున వెనుక హుక్కు ఉన్నంత మాత్రాన వాడిన ట్రాక్టరు రవాణాకు తగినదని భావించరాదు.

ట్రాలీ తగిలించే చోటు వెనుక ఇరుసు మధ్యరేఖకు దిగువన ఉండాలి. ఎగువన తగిలిస్తే ముందు చక్రాలు పైకి లేచి ట్రాక్టరు వెనుకకు తిరగబడవచ్చు. హుక్కుపై పగుళ్లు, వెల్డింగు అతుకులు, పిన్ను రంధ్రపు అరుగుదల పరిశీలించాలి. పిన్ను జారిపోకుండా లాకు తప్పనిసరి.

రెండు బ్రేకు పెడళ్లను లంకెతో కలిపి తొక్కినప్పుడు ట్రాక్టరు పక్కకు లాగరాదు. ట్రాలీ దీపాల సాకెట్టు, హైడ్రాలిక్ కనెక్షన్ పనిచేయాలి. మొదట ఖాళీ ట్రాలీతో, పిదప బరువుతో చదునైన నేలపై నడిపి, ఆపి చూచిన తరువాతనే ధర నిర్ణయించుకొనుట శ్రేయస్కరం.