సరంగు చెప్పే అయిదు మాటలు

ముప్పై ఏళ్లు గోదారి మీద లాంచీ తోలినవాణ్ణి. న్యూజిలాండ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు, వాంగనుయి అనే ఊళ్లో అదే పేరున్న నది మీద ‘వైమారీ’ అనే చక్రాల స్టీమరెక్కాను. నాకు తోచినవి ఇవి.

1. పడవను నదిని చూసి కట్టాలి. దీన్ని 1899లో లండన్‌లో యారో కంపెనీ చేసి, విడి భాగాలుగా ఓడలో పంపితే వాంగనుయిలో బిగించారు. అడుగు బల్లపరుపు, రెండు పక్కలా చక్రాలు. లోతు లేని నీళ్లలోనూ పోతుంది. మా లాంచీ పంకా ఇసుక మేటలో దిగబడితే గడకర్రలు పట్టుకుని ఎన్ని పూటలు తోశామో!

2. పేరు మార్చితే నష్టమేం లేదు. మొదట్లో దీని పేరు ‘అవోటియా’. 1902లో హాట్రిక్ అనే వ్యాపారి కొని ‘వైమారీ’ అన్నాడు. మావోరీ భాషలో అదృష్టమని అర్థం.

3. మునిగిందల్లా పోయినట్టు కాదు. 1952లో ఇది కట్టేసిన చోటే మునిగిపోయింది. నలభై ఏళ్లు బురదలోనే ఉంది. 1993లో పైకి తీశారు. ఊరివాళ్లు జీతం పుచ్చుకోకుండా ఏళ్ల తరబడి పనిచేస్తే, 2000 సంవత్సరం మొదలయ్యేసరికి మళ్లీ నడిచింది. నేను తోలిన లాంచీ మునగలేదు, నిక్షేపంలా ఉంది. అయినా యజమాని తుక్కు కింద అమ్మేశాడు. గ్యాస్ కట్టర్‌తో కోస్తుంటే గట్టు మీద నిలబడి చూశాను తప్ప నోరెత్తలేదు. ఆ తప్పు నాది కూడా.

4. బొగ్గు వేయడం బలం పని కాదు. బాయిలర్ దగ్గర ఉన్నతను తలుపు తీసి, పార సగమే నింపి, మణికట్టు తిప్పి పల్చగా చల్లి టక్కున మూసేశాడు. గుట్టగా పోస్తే పొగే వస్తుంది, ఆవిరి రాదు. భాష రాకపోయినా ఆ మణికట్టు నాకు అర్థమైంది. నా వేలితో గేజి ముల్లు చూపిస్తే నవ్వాడు.

5. నదికి కాగితం కూడా ఉండాలి. 2017లో అక్కడి చట్టం ఆ నదికి మనిషికున్నట్టే హక్కులిచ్చింది. మనం గోదారిని తల్లి అంటాం, అంతవరకే.

మీ రేవులో పాత లాంచీ ఏదైనా మిగిలుంటే, కట్టర్ వచ్చేలోపు దాని సరంగుని వెతికి పట్టుకోండి. ఇంజను ఎలా స్టార్టవుతుందో అతనికే తెలుసు.