బీమా కార్డు, దగ్గరి వైద్యుడు

మహబూబాబాదు జిల్లా బయ్యారము వంటి గ్రామములలో ఆరోగ్యశ్రీ యన్న పేరు తెలియని వారుండరు. అయితే ఆ కార్డు ఏ జబ్బునకు చెల్లునో, దేనికి చెల్లదో తెలియనిచో, సామాన్య జ్వరమునకే పట్టణమునకు పోయి అప్పుల పాలగు ప్రమాదము కలదు.

2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ ముఖ్యముగా ఆసుపత్రిలో చేరి చేయించుకొనవలసిన చికిత్సలకు ఏర్పడినది. గుండెజబ్బు, క్యాన్సరు వంటి వానికి జాబితాలోని ఆసుపత్రులలోనే చెల్లును. తెలంగాణలో దీని పరిమితి 2023 డిసెంబరులో కుటుంబమునకు ఏటా 10 లక్షల రూపాయలకు పెంచబడినది. కాని జ్వరము, దగ్గులకు ప్రైవేటు వైద్యునకిచ్చు రుసుమును ఇది భరింపదు.

కార్మిక రాజ్య బీమా వేరు. 1948 నాటి చట్టముతో ఏర్పడిన ఈ పథకమున, చందా చెల్లించు కార్మికునకు, అతని కుటుంబమునకు డిస్పెన్సరీ వైద్యము, మందులు కూడ లభించును. పొలము దున్ను రైతునకు, వ్యవసాయ కూలీకి ఇది వర్తింపదు.

మరి వారికి మొదటి వైద్యుడెవరు? ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని వైద్యుడే. అచ్చట చూపించుకొనుటకు బీమా అక్కరలేదు. పరీక్షయు, మందులును ఉచితము. రక్తపుపోటు, మధుమేహము అచ్చటనే ముందుగా కనుగొన్నచో పెద్ద ఆసుపత్రి అవసరము తగ్గును.

కావున పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది ఇది. ఈ భేదమును గ్రామసభలో వివరింపుడు. వైద్యుడుండు వేళలను పంచాయతీ గోడపై వ్రాయింపుడు. వైద్యుడు రాకున్నను, మందులు లేకున్నను జిల్లా వైద్యాధికారికి వెంటనే తెలియజేయుడు. పెద్ద జబ్బునకు కార్డు అండ. చిన్న జబ్బు పెద్దది కాకుండ కాచువాడు దగ్గరి వైద్యుడు.