కంచిలో మొదటి రోజు

"కథ కంచికి, మనమింటికి" అని అమ్మమ్మలు కథ ముగించుట తెలుగు పిల్లలెల్లరు వినినదే. కథ కంచికే యేల పోవలెనో ఏ అమ్మమ్మయు చెప్పి యెఱుగదు. మా బడి పిల్లలను, కొందఱు తల్లిదండ్రులను వెంటబెట్టుకొని కాంచీపురమునకు బయలుదేరిన నాడు ఒక బాలుడు బస్సులో ఈ ప్రశ్ననే వేసెను. వెనుక కూర్చున్న ఒక తండ్రిగారు నవ్వి, "దాని మాట అటుంచుడు. అచ్చటి శాసనములన్నియు తమిళము, సంస్కృతము గదా. మన పిల్లలు నేర్చుకొనుచున్న తెలుగు అక్షరములకు అచ్చట ఏమి పని యున్నది?" అని అడిగిరి. నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని.

కాంచీపురము చెన్నపట్టణమునకు నైరుతి దిక్కున, సుమారు 75 కిలోమీటర్ల దూరమున, వేగవతీ నది యొడ్డున నున్నది. మోక్షపురములని మనవారు చెప్పు ఏడింటిలో దక్షిణదేశమున నున్నది ఇది యొక్కటియే. ఏడవ శతాబ్దమున వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ఇచ్చట నూఱుకు పైగా బౌద్ధారామములు కలవని వ్రాసెను. శైవులు, వైష్ణవులు, జైనులు, బౌద్ధులు నలుగురును తమదని చెప్పుకొన్న నగరమిది. అట్టి నగరమును ఒక్క రోజులో చూడబూనుట సాహసమే. పైగా పెద్ద ఆలయములు మధ్యాహ్నము తలుపులు మూసి సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున గాని తీయవు. ఈ సంగతి తెలియక ఎండలో గుడి మెట్లపై కూర్చుండువారిని మేము ఎందఱినో చూచితిమి. కావున తెల్లవాఱగనే పని మొదలుపెట్టవలెను.

చాలమంది మొదట కామాక్షి యమ్మవారి యొద్దకు పోవుదురు. మేము ఊరి పడమటి కొసనున్న కైలాసనాథాలయముతో ప్రారంభించితిమి. పల్లవరాజగు రాజసింహుడు, అనగా రెండవ నరసింహవర్మ, క్రీ.శ. 700 ప్రాంతమున దీనిని కట్టించెను. రాజసింహేశ్వరమని దీని తొలి పేరు. అడుగున నల్లఱాయి, పైన ఇసుకఱాయి. ఇసుకఱాయి మెత్తనిదగుటచే పదమూడు వందల యేండ్ల వానలకు బొమ్మల ముఖములు కొన్ని అరిగిపోయినవి. ప్రాకారము పొడవునను చిన్న చిన్న గూళ్ళవంటి గుడులు 58 కలవు. వాని గోడలపై అచ్చటచ్చట పాత వర్ణచిత్రముల తునకలు ఇంకను నిలిచియున్నవి. గర్భగృహము చుట్టు ప్రదక్షిణమార్గము మిక్కిలి ఇఱుకు. ప్రవేశించుటకును వెలుపలికి వచ్చుటకును పాకవలసినదే. పిల్లలకు ఇది ఆటవలె నుండెను. పెద్దలకు మోకాళ్ళు నొచ్చినవి. ప్రాకారపు గూళ్ళపై రాజసింహుని బిరుదములు రెండు వందలకు పైగా చెక్కబడియున్నవి. కొన్నిచోట్ల అవే బిరుదములు ఒకదాని క్రింద నొకటిగా వేఱు వేఱు వ్రాతలలో కనబడును. ఒక్క రాజు తన పేళ్ళను ఇన్ని వ్రాతలలో వ్రాయించుకొనుట చూచి పిల్లలు ఆశ్చర్యపడిరి.

అయితే నేను వారిని తీసికొనివచ్చినది దీనికొఱకు గాదు. ప్రధానాలయము ముందఱి మండపమున ఒక స్తంభము వెనుక వైపున మఱియొక శాసనము కలదు. అది పల్లవులది కాదు, పల్లవుల శత్రువుది.

దీని వెనుక కథ కొంత తెలిసియుండవలెను. క్రీ.శ. 642లో పల్లవ మొదటి నరసింహవర్మ రెండవ పులకేశిని ఓడించి, బాదామిచాళుక్యుల రాజధానియైన వాతాపిని పట్టుకొనెను. ఆ పరాభవమును చాళుక్యులు మఱచిపోలేదు. సుమారు నూఱేండ్లకు, 740 ప్రాంతమున, ఆ వంశమువాడే యైన రెండవ విక్రమాదిత్యుడు సేనలతో వచ్చి కంచిని పట్టుకొనెను. నాటి రాజనీతి ననుసరించి నగరమును దోచుకొనవలసినదే, తగులబెట్టవలసినదే. ఈతడు రాజసింహేశ్వరమునకు వచ్చి, దేవుని ధనమును చూచి, దానిని ముట్టక దేవునికే మరల సమర్పించెను. ఆ సంగతిని తన భాషయగు కన్నడమున, ఓడిపోయిన వాని గుడి స్తంభముపై వ్రాయించెను. ఆ శాసనము చివర నొక శాపమున్నది: ఈ అక్షరములను చెఱచినవారు ఈ నగరపు ఘటికలోని మహాజనులను చంపినవారు పోవు లోకమునకు పోవుదురట. ఘటిక యనగా ఉన్నత విద్యాలయము. కదంబ రాజ్యమును స్థాపించిన మయూరశర్మ నాలుగవ శతాబ్దమున చదువుకొనుటకు వచ్చినది ఈ కంచి ఘటికకే. చాళుక్యరాజునకు తోచిన మహాపాపము విద్వాంసులను చంపుట. బడికి సంబంధించిన వాడనగుటచే ఈ మాటయొద్ద నేను కొంతసేపు ఆగితిని, పాఠకులు క్షమింపవలెను.

ఆ వ్రాత నేటి మన వ్రాత కాదు. కన్నడ లిపియు తెలుగు లిపియు ఇంకను రెండుగా విడిపోని కాలపుది. పిల్లలు వంగి తామెఱిగిన అక్షరముల కొఱకు వెదకిరి. ఒకటి రెండు పోలికలు దొరకినవి, తక్కినవి దొరకలేదు. బస్సులో నన్ను ప్రశ్నించిన తండ్రిగారు కూడ అద్దములు తుడుచుకొని స్తంభము ప్రక్కన చాలసేపు నిలిచిరి.

అచ్చటినుండి ఏకామ్రనాథుని సన్నిధికి పోయితిమి. పంచభూతలింగములలో ఇది పృథివీలింగము. మట్టిలింగము గనుక దానిపై నీరు పోయరు. సుమారు 190 అడుగుల యెత్తున కానవచ్చు దక్షిణగోపురమును 1509లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించెను. అనగా ఆతడు సింహాసనమెక్కిన క్రొత్తలోనే. ఈ యాలయముననే ఓరుగంటి కాకతీయ గణపతిదేవుని కాలపు శాసనమొకటి కలదు. శక సంవత్సరము 1172, అనగా క్రీ.శ. 1250 ప్రాంతపుది. ఈ శివాలయము లోపలనే ఒక విష్ణుసన్నిధి కూడ నుండుట, అది నూట యెనిమిది దివ్యదేశములలో చేరియుండుట చాలమంది యెఱుగరు.

కామాక్షి యమ్మవారి దర్శనము తలుపులు మూయు వేళకు కొంచెము ముందు లభించినది. జనసమ్మర్దమువలన నిలువలేకపోయితిమి. ఒక్క సంగతి మాత్రము చెప్పెదను. ఈ కామాక్షి యర్చకుల వంశమునుండి వచ్చిన శ్యామశాస్త్రి తంజావూరున నుండి అమ్మవారిపై తెలుగున స్వరజతులు రచించెను. తమిళదేశపు సంగీతసభలలో నేటికిని అవి పాడుచునే యున్నారు.

మధ్యాహ్నము భోజనమైన పిదప మగ్గముల వీధులు చూచితిమి. కంచి పట్టుచీర అంచును వేఱుగ, నడుమను వేఱుగ నేసి, నేతలోనే కలుపుదురు. అందులకు ఇద్దఱు మనుష్యులు కూర్చుండవలసి యుండును. ఈ ఊరి దేవాంగులలోను పద్మశాలీలలోను ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు నేటికిని కలవు. పిల్లలు తమ భాష వినబడగనే మగ్గము చుట్టు చేరిరి.

నాలుగు గంటలకు వైకుంఠ పెరుమాళ్ కోవెల తలుపులు తీసిరి. ఇది చిన్నదే. కాని ఉదయము చూచినదానికి తరువాతి ఘట్టమిది. దీనిని కట్టించినవాడు రెండవ నందివర్మ. విక్రమాదిత్యుని చేతిలో ఓడిపోయిన రాజు ఈతడే. మూడంతస్తులలో స్వామి కూర్చుండియు, శయనించియు, నిలిచియు నుండును. చుట్టు వసారా గోడలపై పల్లవవంశ చరిత్రయంతయు బొమ్మలుగా చెక్కబడినది. రాజు లేని రాజ్యమునకు బాలుడగు నందివర్మను ఎన్నుకొనివచ్చుటయు, పట్టాభిషేకమును అందు చూడవచ్చును.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. నందివర్మ కంచిని మరల పొంది, ఆ పిమ్మట దీర్ఘకాలము రాజ్యమేలెను. ఆ స్తంభముమీది కన్నడ వ్రాత తన ఓటమిని చాటుచున్నది. ఒక ఉలియు ఒక జామును చాలు, అది లేకుండ పోవును. అయినను అది నిలిచియున్నది. శాపమునకు భయపడెనో, శత్రువు చేసిన మేలును గౌరవించెనో మనకు తెలియదు. చెక్కుచెదరక యుండుట మాత్రము నిజము. పిల్లలతో నేనీమాట చెప్పుచుండగా ఆ తండ్రిగారు దగ్గఱకు వచ్చి వినిరి.

చీకటిపడుసరికి విష్ణుకంచికి, వరదరాజస్వామి కోవెలకు చేరితిమి. ఆలయవిమానమునకు బంగారు పూత పెట్టించినది కూడ శ్రీకృష్ణదేవరాయలే, 1514లో. త్యాగరాజు కంచికి వచ్చి ఈ స్వామిపై తెలుగున కీర్తన రచించెను. కాకతీయ ప్రతాపరుద్రుని సేనాని ముప్పిడినాయకుడు 1316లో కంచిని పట్టుకొనినప్పటి శాసనము ఈ కోవెలలోనే కలదు. కోనేటి అడుగున నుండు అత్తివరదస్వామిని నలువది యేండ్లకొకసారి వెలికి తెత్తురు. కడపటిసారి 2019లో జూలై 1 మొదలు ఆగస్టు 17 వఱకు 48 దినములు దర్శనమిచ్చెను. మరల 2059లో. పిల్లలు తమకప్పటికి ఎన్నేండ్లుండునో వ్రేళ్ళపై లెక్కపెట్టుకొనిరి.

వేగవతి కావలి యొడ్డున తిరుప్పరుత్తికుండ్రములో జినకంచి యున్నది. అచ్చటి సంగీతమండపమును విజయనగర మంత్రి ఇరుగప్ప 1387 ప్రాంతమున కట్టించెను. కప్పుపై తీర్థంకరుల చరిత్ర రంగులలో చిత్రింపబడినది. దానికి పూటయైనను కావలెను. మాకు వేళ చాలలేదు. తిరుగు బస్సులో ఆ తండ్రిగారు తన కుమారుని పుస్తకము తీసికొని, స్తంభముపై చూచిన అక్షరమొకటి గీచి, "ఇదియేనా?" అని అడిగిరి. బాలుడు చూచి, "కాదు నాన్నగారూ, కొమ్ము ఇటువైపు తిరుగవలెను" అని దిద్దెను.