ఇంటి ఆవరణమున వాననీరు నిలువకుండఁ జేయు విధము

కనిగిరి ప్రాంతము మెట్టసీమ. ఇచ్చటి రైతులు ఇల్లు కట్టునపుడు నీరు దొరకుటను గూర్చి యోచింతురు గాని, నీరు పోవుటను గూర్చి యోచించువారు అరుదు. వాన తక్కువయైనను, బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినపుడు రెండు మూడు దినములలోనే కుంభవృష్టి కురియుట కలదు. 2010 మే నెలలో లైలా తుపానును, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానును బాపట్ల చెంతనే తీరము దాఁటినవి. అట్టి దినములకై ఆవరణమును ముందుగానే సిద్ధపఱచుకొనవలెను.

ఐదు సెంట్ల నివేశనస్థలముపై ఒక్క అంగుళము వాన కురిసినచో సుమారు 5,100 లీటర్ల నీరు పడును. 15 లీటర్ల బిందెతో కొలిచిన నిది 340 బిందెలు. నాలుగంగుళముల వానకు 1,360 బిందెలు. ఇంత నీటికి దారి చూపనిచో అది పునాదియొద్దనే ఇంకును.

1. చెమ్మకు మూలము

గోడ అడుగున చెమ్మ యెక్కుట, సున్నము రాలుట, ఉప్పు పేలుట, చెదలు పట్టుట మున్నగునవి గోడపైఁ గనఁబడును గాని, వానికి మూలము తఱచుగా ఆవరణములోనే యుండును. దానిని సరిచేయక గోడకు సిమెంటు పూసినచో చెమ్మ లోపల చిక్కుకొనును. మట్టిగోడల కిది మఱింత కీడు. కావున ముందుగా ఆవరణమును, పిదప గోడను బాగుచేయవలెను.

నల్లరేగడినేల తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలు వాఱును. ఇంటి కొకవైపున మాత్రమే నీరు నిలిచినచో పునాది ఒకవైపు లేచి, రెండవవైపు కదలక యుండుటచే తలుపుల కిటికీల మూలలనుండి ఏటవాలుగా బీటలు వాఱును. ఎఱ్ఱనేలలో నీరు త్వరగా ఇంకును గాని, చూరునీరు మట్టిని కోసికొనిపోయి పునాదిరాళ్లను బయటపెట్టును.

నష్టము గోడతోఁ బోదు. చెమ్మగోడకు ఆనించిన మిరపబస్తాలకును, వేరుసెనగ విత్తనములకును బూజు పట్టును. కొన్ని బూజులవలన అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. అట్టి సరకు తినుటకును పనికిరాదు, అమ్ముటకును పనికిరాదు.

2. పరీక్ష

వాన కురియుచుండఁగనే ఇంటిచుట్టును తిరిగి, నీరు ఎటనుండి వచ్చుచున్నదో, ఎచ్చట నిలుచుచున్నదో చూచి, నిలుచుచోట్లఁ జిన్నమేకులు పాతవలెను. వాన వెలసిన మఱునాఁడు కూడ నీరున్నచోట్లనే ముందుగా బాగుచేయవలెను.

3. వాలు దిద్దుట

గోడ మొదలునుండి 10 అడుగుల దూరమునకు 6 అంగుళముల పల్లముండవలెను. గోడయొద్ద నొకటియు, 10 అడుగుల దూరమున నొకటియు మేకులు పాతి, వానిమధ్య దారము కట్టి, రసమట్టముతో సమము చేయవలెను. దారమునుండి నేలకుఁ గల లోతు గోడయొద్దకంటె రెండవ మేకుయొద్ద 6 అంగుళములు హెచ్చుగా నుండవలెను.

ఎత్తు చేయుటకు జిగటగల ఎఱ్ఱమట్టి మేలు. ఇసుక నీటిని లోనికిఁ బోనిచ్చును. నల్లమట్టి నెఱ్ఱెలు వాఱును. మట్టిని నాలుగంగుళముల పొరలుగాఁ బోసి, కొంచెము తడిపి, దిమ్మిసతోఁ గొట్టవలెను. ఇంటిలోని నేలకంటె బయటి మట్టి కనీసము 6 అంగుళములు దిగువగా నుండవలెను. గోడ మొదట అరఁటి, పూలమొక్కలు పెట్టి నీరు పోయు అలవాటు మానవలెను.

4. చూరునీరు

చూరునీరు పడుచోట నాపరాళ్లు గాని, కంకర గాని పఱచినచో నేల గుంటపడదు. గోడపై బురద చిందదు. మిద్దెగొట్టపునీటిని గోడవెంటనే విడువక, క్రిందివఱకు గొట్టము దింపి, అచ్చటనుండి కాలువద్వారమున 6 అడుగులకుఁ దక్కువ గాకుండ దూరము పంపవలెను.

5. రాతికాలువ

ఎగువనుండి నీరు ఇంటివైపునకు వచ్చుచో వాలుమాత్రము చాలదు. ఎగువవైపున, గోడకు 5 అడుగుల దూరమున, ఒక అడుగు వెడల్పును, అడుగున్నర లోతును గల కందకము త్రవ్వవలెను. పునాది అడుగునకంటె లోతుగాఁ ద్రవ్వరాదు. ప్రతి 8 అడుగులకు ఒక అంగుళము చొప్పున వాలుంచి, కంకరతో నింపవలెను. మట్టి చేరకుండ కంకరచుట్టును దళసరి వలగుడ్డ చుట్టుట మంచిది. ఇట్టి కాలువను అమెరికా దేశీయుఁడగు హెన్రీ ఫ్రెంచి 1859లో వెలువరించిన సేద్యపు మురుగునీటి గ్రంథమున వివరించెను. దీనికి ఫ్రెంచికాలువ యను పేరు ఆయన పేరునుబట్టి వచ్చినదే గాని దేశమునుబట్టి కాదు. నల్లరేగడిలో నీరింకదు గనుక కాలువ చివర తప్పక పల్లమునకుఁ దెఱచియుండవలెను.

6. నీటిని ఎచ్చటికిఁ బంపవలెను?

పొరుగువాని గోడమీఁదికిఁ బంపిన నీరు తగవై తిరిగివచ్చును. ఇరువురును గలసి ఒకే కాలువ త్రవ్వుకొనుట ఖర్చు తక్కువ. పాతబాటపైననే సిమెంటు బాట వేయుటచే బాట యెత్తై ఇండ్లు పల్లమైనచోట, వాకిటియొద్ద చిన్నకట్ట వేసి, నీటిని ప్రక్కకాలువలోనికి మరల్పవలెను. మురుగుకాలువల నిర్మాణము 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామపంచాయతీ విధులలో నొకటి. కావున కాలువలేని వీథివారు కలసి అడుగవచ్చును.

ఎఱ్ఱనేలలో ఇంటికి 10 అడుగులకుఁ దక్కువగాని దూరమున ఇంకుడుగుంట త్రవ్వవచ్చును. పశువులకొట్టపు నీరును, పెంటకుప్ప నీరును అందు కలియరాదు. వానిని ఎరువుగుంటకే పంపవలెను.

ఈ ప్రాంతపు భూగర్భజలమున ఫ్లోరైడు హెచ్చుగా నుండుట ప్రసిద్ధము. వాననీటిలో నది దాదాపుగా నుండదు. కావున మొదటి జల్లు నీటిని విడిచి, శుభ్రమైన మిద్దెనుండి వచ్చు నీటిని మూఁతగల తొట్టిలోఁ బట్టుకొనుట మేలు. త్రాగుటకైనచో వడియఁగట్టి, కాఁచి వాడవలెను.

7. పనికిఁ దగిన కాలము

ఈ పనులన్నియు తొలకరికి ముందే, పొలముపని తక్కువగానున్న వేసవిలోఁ బూర్తిచేయవలెను. ప్రతి సంవత్సరము ఆశ్వయుజమాసమునకు ముందు కాలువలోని చెత్త తీసి, క్రుంగిన మట్టిని మరల నింపవలెను. మట్టియు రాళ్లును తఱచుగా చేనిలోనే దొరకును. కావలసినది ముఖ్యముగా నాలుగు దినముల శ్రమయే. పడిన గోడను మరల లేపుటకుఁ గాని, బూజుపట్టిన సరకును బాగుచేయుటకుఁ గాని ఆ శ్రమ చాలదు.